అజ్మీర్‌లో చూడాల్సింది దర్గా ఒక్కటే కాదు

సంపాదకునికి నమస్కారం.

ఉర్సు (దర్గాలో ఏటా జరిగే వర్ధంతి ఉత్సవం) వచ్చిందంటే హైదరాబాద్ నుంచి మతభేదం లేకుండా ఎందరో అజ్మీర్ బయల్దేరతారు. సూఫీ గురువు ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ సమాధికి చాదర్ సమర్పించి, చాలామంది అటునుంచి అటే స్టేషన్‌కు వెళ్లిపోతారు. ఆ రద్దీలో, రైలు టెన్షన్‌లో వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఏం వదిలేసి వస్తున్నారో చెప్పేవాళ్లు ఉండాలి కదా!

దర్గా ఆవరణలోనే షాజహాన్ కట్టించిన పాలరాతి మసీదు ఉంది. అక్బర్ ఇచ్చిన పెద్ద దేగ్, జహంగీర్ ఇచ్చిన చిన్న దేగ్ పేర్లతో ఉన్న భారీ వంటపాత్రల్లో ఇప్పటికీ తియ్యటి అన్నం వండి పంచుతారు. అందులో మాంసం వేయరు, ఎవరైనా తినవచ్చు. కొద్ది దూరం నడిస్తే 'అఢాయీ దిన్ కా ఝోంప్‌డా'. 12వ శతాబ్దం చివర్లో కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెట్టిన ఈ మసీదుకు ముందున్న కమానుల గోడను ఇల్‌తుత్‌మిష్ చేర్చాడు. లోపలి స్తంభాలు అంతకుముందున్న ఆలయాలవి. ఈ చరిత్రను దాచకుండా, రెచ్చగొట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆనా సాగర్ చెరువేమో చౌహాన్ రాజు తవ్వించింది, గట్టు మీది పాలరాతి మండపాలు షాజహాన్‌వి.

పురావస్తు, పర్యాటక శాఖలు అక్కడ తెలుగుతో సహా పలు భాషల్లో వివరాల బోర్డులు పెట్టాలి. మన రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు కూడా ఉర్సుకు ముందే తెలుగు, ఉర్దూల్లో చిన్న కరపత్రం వేసి రైల్వేస్టేషన్లలో పంచాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాద్