వాన పడకముందే పంటల లెక్క తేలాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా వానలకు ముందు మా ఊరికి సబ్సిడీ చెనిక్కాయ (వేరుశనగ) విత్తనం మూటలు మూటలుగా వస్తుంది. కంది కొంచెం దొరుకుతుంది. కొర్ర అడిగితే లేదంటారు. చేతికి ఏ విత్తనం అందితే రైతు దాన్నే వేస్తాడు. మా వైపు పంటల ప్రణాళిక అక్కడితోనే అయిపోతోంది.

అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ ఒక తీరున పడదు. మొన్నటి ఆగస్టులో మూడు వారాలు చినుకు రాలలేదు. చెనిక్కాయకు ఊడలు, అంటే కాయ కట్టే కాడలు, మట్టిలోకి దిగే అదను అది. ఒక చెట్టు పీకి చూస్తే ఆకు పచ్చగానే ఉంది, ఊడలు మాత్రం గట్టిపడిన ఎర్రమట్టిలోకి దిగలేక సూదుల్లా ఎండి వేలాడుతున్నాయి. కాయలు మూడో నాలుగో. అదే చేలో ఎనిమిది సాళ్లకొకటి వేసిన కంది, వేరు లోతుకు పోతుంది కాబట్టి, సెప్టెంబరు వానకు తేరుకుని కాసింది. కూలీల బాకీ తీర్చింది ఆ కందే.

ఎకరా చెనిక్కాయకు విత్తనపు పప్పే 60 కిలోలు కావాలి. కొర్రకు 2 కిలోలు చాలు. ఎండితే పోయే డబ్బులో ఎంత తేడా ఉందో చూడండి. ఏటా చెనిక్కాయ మీద చెనిక్కాయే వేస్తే వేరుపురుగు, మొదలుకుళ్లు ఆ నేలను వదలవు. అలాగని చెనిక్కాయ మానేయమనడం లేదు. మా పశువులకు ఆ కట్టె, అంటే కాయ కోశాక మిగిలే ఎండుమేత, లేకపోతే ఎండాకాలం గడవదు. దాని పక్కన కంది, కొర్ర, సజ్జ, అలసంద ఉండాలంటున్నాను.

ఈ పంటలు వేయమంటే సరిపోదు, పండింది ప్రభుత్వం కొనాలి కూడా. తెలంగాణలో 2020 వానాకాలంలో మొక్కజొన్న వేయొద్దని, ఏ పంట వేయాలో ప్రభుత్వమే చెప్పే నియంత్రిత సాగు పెట్టి, ఆ డిసెంబరులోనే వదిలేశారు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే చిరుధాన్యాలు జొన్న, సజ్జ, రాగి మాత్రమే. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నా, కొర్ర ఆ జాబితాలోకి రాలేదు. కందికి 2025-26లో క్వింటాలు 8,000 రూపాయలు ప్రకటించారు. కొనుగోలు కేంద్రం తెరిచేదాకా సన్నకారు రైతు ఆగగలడా? అప్పటికే గింజ వ్యాపారి గోదాముకు చేరిపోతుంది.

అందుకే వ్యవసాయ శాఖను కోరేది ఇది. ఏప్రిల్లోనే ప్రతి ఊళ్లో రైతులను కూర్చోబెట్టి, ఏ నేలకు ఏ పంటలో వాళ్లతోనే రాయించండి. చెనిక్కాయ మూటతో పాటు కంది, కొర్ర విత్తనాలు కూడా సబ్సిడీ మీద ఇవ్వండి. ఏ ధరకు, ఏ తారీఖు నుంచి, ఎక్కడ కొంటారో విత్తనాలు ఇచ్చే రోజే గోడ మీద రాసి పెట్టండి.

— ఒక మెట్ట రైతు,
కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా