సీసం మోయడానికి సిగ్గెందుకు బిడ్డా

బిడ్డా,

ఫోన్‌లో నువ్వు చెప్పినవి విన్నప్పటి నుంచి మనసు ఊరుకుంటలేదు, అందుకే రాస్తున్నాను. నువ్వు రేసుల్లో నడిపే చిన్న బండి, ఆ కార్ట్‌లో, నీ బరువు చాలక సగం సీసమే పెట్టారని అబ్బాయిలు ఏడిపిస్తున్నారని, రేసులోపు బరువు పెరగాలని ఆకలి లేకున్నా నెయ్యి అన్నం తింటున్నానని, రేసుకు ముందు రెండు బాటిళ్ల నీళ్లు తాగుతానని అన్నావు. అవన్నీ ఇవ్వాళే మానెయ్. పొట్టనిండా నీళ్లతో మలుపులు తిరిగితే వాంతి వస్తుంది, అంతే.

నువ్వు పోటీ చేసే సీనియర్ మాక్స్ తరగతిలో కనీస బరువు 162 కిలోలంటే అది నీ ఒంటి లెక్క కాదు కదా. కార్ట్, నువ్వు, హెల్మెట్, సూటు, బూట్లు అన్నీ కలిపి. నువ్వు సామానుతో 57 అనుకో, కార్ట్ 86 అనుకో, 143 అయింది, ఇంకా 19 కావాలి. పక్కనున్న పిల్లగాడు సామానుతో 76 ఉంటే అతనికి సీసమే అక్కర్లేదు, నిజమే, కానీ ఆ బరువు అతని భుజాల్లో, ఛాతీలో ఎక్కడుందో అక్కడే ఉంటుంది. నీ 19 కిలోలు నువ్వు పానా తీసుకుని నీకు కావలసిన చోట బిగించుకోవచ్చు. నన్నడిగితే నీకే లాభం. ఫార్ములా వన్‌లో 2019 నుంచి డ్రైవర్‌కు సీటుతో, సామానుతో కలిపి 80 కిలోలని లెక్క పెట్టారు, 2025లో 82 చేశారు. తక్కువున్నవాళ్లు ఆ తేడాను సీటు దగ్గరే పెట్టుకోవాలి, కారులో ఇంకెక్కడో పెడితే ఒప్పుకోరు. ఎందుకో ఆలోచించు. సన్నగా ఉన్నవాడు మిగిలిన బరువును మంచి చోట పెట్టుకుని ముందుకు పోతాడనే కదా! పొడుగువాళ్లు కడుపు మాడ్చుకోవడం తప్పాలని కూడా.

ఎక్కడ పెట్టాలన్నది అసలు పని. మన మిర్యాలగూడ మిల్లులకు వచ్చే ట్రాక్టర్లు చూశావు కదా, ట్రాలీలో బస్తాలన్నీ ట్రాక్టర్ వైపే వేస్తే బరువు ట్రాక్టర్ వెనక భాగం మీద పడి, దాని ముందు టైర్లు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. కార్ట్ కూడా అంతే. నాలుగు చక్రాల కింద నాలుగు కాంటాలు పెట్టి, నువ్వు హెల్మెట్‌తో సహా కూర్చుని, చేతులు స్టీరింగ్ మీద పెట్టి తూకం వేయించు. ముందు 43 శాతం, వెనక 57 శాతం దగ్గర మొదలుపెట్టు, కుడి ఎడమలు సమానంగా రావాలి, కుడివైపు ఇంజిన్ ఉందన్నది మర్చిపోకు.

ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కార్ట్‌కు లేదు, వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు ఉంటాయి, అందుకే మలుపులో లోపలి వెనక చక్రం కాస్త లేస్తేనే బండి తిరుగుతుంది. సీసం సీటు వీపు మీద పైకి పెడితే ఆ చక్రం తొందరగా లేస్తుంది, ట్రాక్ జారుతున్నప్పుడు అది పనికొస్తుంది. పట్టు బాగున్న ఎండలో అట్లాగే వదిలేస్తే బండి మలుపులో గెంతుతుంది. ముందు కిందనే పెట్టి నడుపు, తర్వాత ఒక్కొక్క ముక్క మార్చు. ఒకేసారి రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

ఇప్పుడు నా భయం చెప్తాను. మూడు కిలోల సీసం ముక్క మలుపులో ఆరు కిలోల దానిలా లాగుతుంది, ట్రాక్ అంచున ఉండే గట్టు, ఆ కర్బ్ ఎక్కితే ఇంకా ఎక్కువ. అది ఊడితే నీ తూకం తగ్గి డిస్‌క్వాలిఫై అవుతావు, అది పోనీ, వెనక వచ్చే పిల్లగాడి ముఖానికి తగిలితే? అంతర్జాతీయ నిబంధనల్లో ఒక్కో ముక్కకు కనీసం రెండు బోల్టులు, 6 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉండాలని ఉంది. నువ్వు పెద్ద ముక్కలకు 8 వేయి. అదురుకు వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లే వాడు, ఒకసారి విప్పినవి మళ్లీ వాడకు. సీటు ఫైబర్, చిన్న వాషర్ అయితే చీల్చుకుని వస్తుంది, వెడల్పు వాషర్లు రెండువైపులా వేయి. బోల్టు తల మాత్రమే లోపలివైపు, అది కూడా చదునుగా, లేకుంటే నీ పక్కటెముకలు కమిలిపోతాయి. టేపు, జిప్ టై మాటే వద్దు. ప్రతి సెషన్ అయ్యాక నువ్వే చేత్తో కదిపి చూడు, మెకానిక్ చూశాడులే అని వదలకు.

తూకం రేసు అయ్యాక వేస్తారు, అప్పటికి పెట్రోలు తగ్గుతుంది, లీటరుకు ముప్పావు కిలో దాకా, చెమట కూడా పోతుంది. కాబట్టి కిలో ఎక్కువే పెట్టుకో. ఆ ఒక్క కిలోతో పోయే సమయం ఎంత, రేసు మొత్తం చెల్లకపోతే పోయేదెంత. నంబర్లు కూడా ఏటా మారుతుంటాయి, ఆ ఏడు రూల్ బుక్ నువ్వే చదువుకో.

హైదరాబాద్ మలక్‌పేటలో, మన నల్గొండ క్రాస్ రోడ్స్ దగ్గరే, గుర్రపు పందేల్లో జాకీలు కూడా తక్కువైన బరువుకు జీనులో సీసం పెట్టుకుంటారు, దిగాక మళ్లీ కాంటా ఎక్కుతారు. వాళ్లనెవరూ వెక్కిరించరు.

సీసం ముట్టుకున్న చేతులతో ఏమీ తినొద్దు, సబ్బుతో కడుక్కో. హాస్టల్ గదిలో ముక్కలు అరగదీయకు, ఆ పొడి మంచిది కాదు. కొయ్యడం, రంధ్రాలు వేయడం మన షాపులో నేను చేసి రంగు వేసి పంపుతాను, ఏ ముక్క ఎన్ని కిలోలో దాని మీదే రాస్తాను. మీ అమ్మ సకినాలు కూడా పెడుతుంది, అవి నీకు తినాలనిపించినప్పుడే తిను. నాలుగు కాంటాల అంకెలు రాసి పెట్టుకుని ఆదివారం ఫోన్ చెయ్, ఏ ముక్క ఎక్కడికో కూర్చుని చూద్దాం.

మీ నాయిన
మిర్యాలగూడ