భద్రత కోసం ఇచ్చిన నంబరు ప్రకటనలవాళ్లకెందుకు?

సంపాదకులకు నమస్కారం.

పెద్ద టెక్నాలజీ సంస్థల నుంచి వినియోగదారుల వివరాలు చోరీ అయినప్పుడల్లా పత్రికల్లో పతాక శీర్షికలు వస్తాయి. 2013లో జరిగిన చోరీ తన 300 కోట్ల ఖాతాలన్నింటినీ తాకిందని యాహూ 2017లో ఒప్పుకున్నప్పుడు ప్రపంచమంతా అదే మాట్లాడుకుంది. ఆ వార్తలు రావలసిందే. అయితే దొంగ ఎవరూ చొరబడకుండానే, మనం ఒక పనికని ఇచ్చిన వివరాన్ని సంస్థే తీసుకెళ్లి ఇంకో పనికి వాడుకున్న సందర్భాలు ఏ లోపలి పేజీలోనో నాలుగు వాక్యాలతో సరిపోతున్నాయి. ఈ ఉత్తరం వాటి గురించి.

ట్విటర్ ఉదంతమే తీసుకోండి. 2013 మే నుంచి 2019 సెప్టెంబరు దాకా, ఖాతా పరుల చేతిలో పడకుండా ఉండేందుకంటూ ఆ సంస్థ ఫోన్ నంబరో ఈమెయిల్ చిరునామానో అడిగితే, 14 కోట్ల మందికి పైగా ఇచ్చారు. ప్రకటనదారులు తమ దగ్గరున్న జాబితాలను ఆ వివరాలతో సరిపోల్చుకుని, ఎంచుకున్న మనుషులకే ప్రకటనలు చూపించుకునే వీలు కూడా ఆ సంస్థ కల్పించిందని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2022 మేలో 15 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ట్విటర్ అంగీకరించింది. భాగిస్తే మనిషికి ఒక డాలరు, పైన కొంత చిల్లర. అది కూడా జరిమానా కనుక నంబరు ఇచ్చినవారి చేతికి వచ్చే సొమ్ము కాదు. 2019లో ఫేస్‌బుక్‌పై పడిన 500 కోట్ల డాలర్ల జరిమానా వెనక ఉన్న అభియోగాల్లోనూ, భద్రత కోసం ఇచ్చిన నంబర్లను ప్రకటనలకు వాడుకోవడం ఒకటి. అంతకు ముందు ఏడాది ఆ సంస్థ ఆదాయం 5,500 కోట్ల డాలర్లు దాటింది.

కంచే చేను మేస్తే జరిగే నష్టం ఆ ఒక్క పంటతో ఆగదు. రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటి రెండో ఆధారం కూడా అడగడం, నిజంగా మేలు చేసే ఏర్పాటు. పాస్‌వర్డ్ ఒకటే ఉన్న ఖాతా కంటే అది ఉన్న ఖాతాను కాజేయడం కష్టం. ఇలాంటి సంగతులు తెలిసిన మనిషి మరోసారి నంబరు అడిగితే వెనకాడతాడు, దాంతో అతని ఖాతా రక్షణ పలచబడుతుంది. ఆ వెనకాడటాన్ని వినియోగదారుల అజ్ఞానంగా కొట్టిపారేసే నిపుణులను చూస్తే నాకు కొంత చిరాకు కలుగుతుంది.

ఈ మధ్య, నేను చాలా ఏళ్లుగా వాడుతున్న ఒక సేవ నా గురించి ఏమేం దాచుకుందో చూద్దామని, నా సమాచారం మొత్తం ఇమ్మని కోరి ఫైళ్లు దింపుకున్నాను. అందులో ‘ఆసక్తులు’ అనే జాబితా ఒకటి ఉంది. క్రికెట్, పాత పాటలు, కెమెరాలు, వాటి కిందే మూత్రపిండాల వ్యాధులు. దగ్గరి బంధువు ఆసుపత్రిలో ఉన్నప్పుడు వరుసగా రెండు రాత్రులు ఆ జబ్బు గురించి వెతికిన మాట నిజం. ఆ కంగారుకు ఆసక్తి అని పేరు పెట్టాలని ఎవరికి తోచిందో కానీ, దాన్ని తీసివేయడానికి ఐదు పేజీలు దాటవలసి వచ్చింది. ఖాతా తెరిచిన రోజున అంగీకారం తీసుకోవడానికి వాళ్లకు ఒక్క బటన్ చాలింది.

నిబంధనలు చదివి ఒప్పుకున్నాకే కదా వాడుతున్నారు, పైగా సేవ ఉచితం కదా అన్నది సంస్థల జవాబు. సూటిగా అడిగితే జనం ఏమంటారో 2021 ఏప్రిల్ తరువాత కొంత తెలిసింది. ఇతర యాప్‌లలో, వెబ్‌సైట్లలో మీ కదలికలను గమనించేందుకు ఈ యాప్‌ను అనుమతిస్తారా అని ఐఫోన్ తెరమీద ఒకే ప్రశ్న, రెండే సమాధానాలతో ఆపిల్ అడిగించడం మొదలుపెట్టింది. ఆ మార్పు వల్ల 2022లో తమ ఆదాయానికి సుమారు 1,000 కోట్ల డాలర్ల గండి పడవచ్చని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా స్వయంగా అంచనా కట్టింది. ఆపిల్‌కూ సొంత ప్రకటనల వ్యాపారం ఉంది కాబట్టి ఆ సంస్థను ఆకాశానికెత్తనక్కరలేదు. పేజీలకు పేజీల నిబంధనల కింద తీసుకున్న అంగీకారం ఎంత గట్టిదో మాత్రం ఆ అంకె చెబుతోంది.

ఏ పనికని తీసుకున్న వివరాన్ని దానికి పొసగని మరో పనికి వాడరాదన్న సూత్రం, 2018 మే 25 నుంచి అమలులో ఉన్న యూరోపియన్ యూనియన్ డేటా చట్టంలో స్పష్టంగా ఉంది. తీవ్రమైన ఉల్లంఘనలకు సంస్థ ప్రపంచవ్యాప్త వార్షిక ఆదాయంలో నాలుగు శాతం వరకు జరిమానా వేయవచ్చు. అయితే జరిమానా కట్టేసినంత మాత్రాన, తప్పుగా వాడిన వివరాలు ప్రకటనల వ్యవస్థల్లోంచి చెరిగిపోయినట్టు కాదు.

అందుకే మీకొక విన్నపం. ఏదైనా సంస్థపై జరిమానా పడిందని ప్రచురించినప్పుడు, ఆ అంకెతో పాటు ఏ వివరాన్ని ఏ పనికని తీసుకున్నారో, ఎన్నేళ్లు ఏ పనికి వాడారో, దాన్ని చెరిపివేయాలని ఆదేశం ఉందో లేదో కూడా ఆ వార్తలోనే ఇవ్వండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు