తంబోలా ఆడుకునే గదికి తాళమెందుకు?

సంపాదకుడు గారికి,

నెల్లూరులో వేదాయపాలెం వైపు మా కాలనీ పార్కులో ఒక రేకుల గది ఉంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ముప్ఫై మందిమి అక్కడ చేరి తంబోలా ఆడుకునేవాళ్ళం. రెండు నెలలుగా దానికి తాళం పడింది. పార్కులో జూదం ఆడుతున్నారని ఎవరో ఫిర్యాదు చేశారట. ఎవరని నేను అడగలేదు. వాళ్ళ మాటలో సగం నిజముంది, ఆ సగం సంగతీ మిగతా సగం సంగతీ చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

మా నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరు. బొగ్గు ఇంజన్ల రోజులు. జీతాలొచ్చాక మొదటి శనివారం రైల్వే కాలనీలో హౌసీ పెట్టేవాళ్ళు, తంబోలా అనే మాట నేను నెల్లూరొచ్చాకే విన్నాను. ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు గారు నంబర్లు పిలిచేవారు. 'లెగ్స్ ఎలెవెన్' అంటే కుర్రాళ్ళు ఈల వేసేవాళ్ళు, 'టూ ఫ్యాట్ లేడీస్, ఎయిటీ ఎయిట్' అంటే మా అమ్మ నావైపు తిరిగి ఏమన్నాడే అనేది. ఆమె కాస్త లావు మనిషి, చెప్తే నవ్వేది కాదు. దొరల సైన్యంతో వచ్చిన ఆట క్లబ్బుల్లోంచి రైల్వే కాలనీలకి, అక్కణ్ణించి మన మేడల మీదికి వచ్చేసింది. డల్లాస్‌లో ఉన్న మా మనవడు దీన్ని బింగో అంటాడు, వాళ్ళ దగ్గర నంబర్లు 75, మన దగ్గర 90. టికెట్టుకి మూడు లైన్లు, లైనుకి అయిదు నంబర్లు, పిలిచిన నంబరు మన టికెట్టులో ఉంటే గుర్తు పెట్టుకోవాలి, అంతే ఆట.

మా దగ్గర నంబర్లు పిలిచేది రిటైరైన ఆర్టీసీ కండక్టరు గారు. ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు. అయిదంటే పాండవులు, ఏడంటే ఏడుకొండలవాడు, పద్నాలుగు రాములవారి వనవాసం, పద్దెనిమిది శబరిమల మెట్లు. ఇరవై ఆరు వస్తే 'మన బండి', ఇరవై ఏడు వస్తే 'ఒంగోలు బండి' అంటారు. రాష్ట్రమంతటికీ 39 రాకముందు ఏపీ 26 మనది, 27 ప్రకాశం జిల్లాది కదా. పదహారుకి 'హైవే' అంటారు, అనగానే ఒక పెద్దాయన లేచి, హైవే అంటే అయిదు కాదా అని తగువు పెట్టుకుంటాడు. రోడ్డు నంబరు మార్చి పదేళ్ళు దాటిందంటే ఒప్పుకోడు. ఆ తగువు కోసమే వచ్చేవాళ్ళున్నారు.

రమ్మీకి బుర్ర కావాలి, క్యారమ్స్‌కి చేతులు వణకకూడదు. దీనికి అవేవీ అక్కర్లేదు, డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలమ్మా ఏడేళ్ళ మనవడూ ఒకే బల్ల దగ్గర సమానంగా ఆడొచ్చు. పూలమ్మే ఆమెకి చదువు రాదు, టికెట్టు మీద నంబరు మాత్రం నాకంటే ముందే పట్టేస్తుంది, బస్సు నంబర్లు చూసి నేర్చుకున్నానంటుంది. పెన్నుతో కొట్టేస్తే టికెట్టు పాడవుతుందని చింతపిక్కలు పెట్టుకుంటాం. ఈ ఆటలో ఇంకో సుఖముంది, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేకుండా పదిమందిలో కూర్చోవచ్చు. భర్త పోయిన ఒకావిడ ఆరు నెలలు గుమ్మం దాటలేదు, దాటాక మొదట వచ్చింది ఇక్కడికే. నాలుగు వారాలు నోరు తెరవలేదు. అయిదో వారం అందరికంటే ముందు అయిదు నంబర్లు పడి 'జల్దీ ఫైవ్' అని అరిచింది!

ఇక ఆ సగం నిజం. టికెట్టు పది రూపాయలు పెట్టేవాళ్ళం. మూడు వందలు వసూలైతే జల్దీ ఫైవ్‌కి 30, మూడు లైన్లకి యాభై చొప్పున, టికెట్టంతా నిండే ఫుల్ హౌసీకి 120, నిర్వాహకులకి పైసా మిగలదు. అయినా మావారు కోర్టు గుమాస్తాగా చేసిన మనిషి కాబట్టి నాకు ఈమాత్రం తెలుసు, రమ్మీ నైపుణ్యమున్న ఆటని 1967లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం కేసులోనే చెప్పింది, తంబోలాకి ఆ మాట వర్తించదు. సంచీలో చెయ్యి పెడితే ఏదొస్తే అది. నైపుణ్యమల్లా చెవులు వినపడటమే. డబ్బు పెడితే పందెమే అన్నవాళ్ళతో నేను వాదించను. అందుకే డబ్బు మానేశాం. ఎవరింట్లో ఉన్నది వాళ్ళు తెచ్చేవాళ్ళు, అరకిలో కందిపప్పు, స్టీలు గిన్నె, ఆవకాయ సీసా, ఒకసారి మలైకాజాల పొట్లం. ఒకాయన ఆగిపోయిన గడియారం తెస్తే గెలిచినామె మరుసటి వారం మళ్ళీ దాన్నే బహుమతికి పెట్టింది. ఇదంతా ఒక అపార్టుమెంటు సెల్లారులో, మూడు వారాలపాటు. కార్లవాళ్ళు గొడవ చేశారు, అదీ పోయింది.

గదికి తాళం వేస్తే ఆట ఆగిందా? మాలో కొందరు ఫోన్ గ్రూపుల్లో చేరారు. అక్కడ టికెట్టు వంద, ఫోన్‌లోనే కట్టాలి, రాత్రి పదింటి దాకా రోజుకి మూడాటలు. నంబరు మెసేజ్‌లో వస్తుంది, ఎవరు తీశారో, అసలు తీశారో లేదో ఎవరికీ కనపడదు, ఫుల్ హౌసీ అయిపోయిందంటే నమ్మాల్సిందే. మా దగ్గర పిలిచిన నంబరు పిలిచినట్టు పలకలో గుచ్చి పెడతారు, అనుమానమొస్తే లేచెళ్ళి చూసుకోవచ్చు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లో 1974 నాటి చట్టాన్ని సవరించి నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రమూ చట్టం తెచ్చింది. ఆ గ్రూపులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఒకావిడ నెలలో ఎంత పోగొట్టుకుందో కొడుక్కి చెప్పలేదు, నాకు చెప్పింది. ఇక్కడ రాయను.

పార్కు బాధ్యత చూసేవాళ్ళని అడిగేది ఒక్కటే, ఆదివారం నాలుగు నుంచి ఏడు దాకా తాళం తియ్యండి. 'ఇక్కడ డబ్బుతో ఆడరాదు' అని గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి, రంగు ఖర్చు మాదే. కరెంటు బిల్లు మేమే కడతాం, ఊడ్చి తుడిచి వెళతాం. ఎప్పుడైనా, చెప్పకుండానైనా, వచ్చి చూసుకోండి, వచ్చినవాళ్ళకి ఒక టికెట్టు ఊరికే ఇస్తాం.

మొన్న కండక్టరు గారు సంచీలో బిళ్ళలు లెక్కపెడితే 89 తేలాయట. లేనిది 47. అది ఆ గదిలోనే బల్ల కింద ఎక్కడో పడి ఉంటుందని ఆయన అంటున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
నెల్లూరు