పేరు రాయవద్దన్న సిస్టర్‌కు, ఆరో రోజు రాత్రి

పాప పుట్టి ఈ రాత్రికి ఆరు రోజులు. తెల్లవారుజామున మూడు దాటింది. పాప ఎడమ చేతి మీద నిద్రపోతోంది, కుడి చేతి బొటనవేలితో ఇది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి. పురుడు అయ్యాక తీరిగ్గా రాసుకోవచ్చు, ముందు పడుకో అని అమ్మ రెండుసార్లు కసిరింది. అప్పటికి నా మాటలు చల్లారిపోతాయని భయంగా ఉంది.

మా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో కాన్పులు చేసే ఒక మిడ్‌వైఫ్ సిస్టర్‌కు నేను రుణపడి ఉన్నాను. పేరు రాయవద్దని ఆవిడే అన్నారు. "నా ఒక్కదాని పేరు రాస్తే మిగతావాళ్ళు ఏమీ చేయనట్టు ఉంటుందమ్మా" అన్నారు. అందుకే సిస్టర్ అనే రాస్తున్నాను.

ఆవిడ నాకు బంధువు కాదు, తెలిసినవారూ కాదు. నాకు 33వ వారం నడుస్తుండగా, అప్పటిదాకా చూపించుకుంటున్న ప్రైవేటు ఆసుపత్రిలో ఒక మాట అన్నారు. "నీ ఒళ్ళు నొప్పులకు తట్టుకునేలా లేదు, బిడ్డ తల కూడా పెద్దగా ఉంది, ఎందుకొచ్చిన రిస్కు, ఆపరేషన్‌కు మంచి ముహూర్తం చూసుకుని రండి." మా అత్తగారు ఆ సాయంత్రమే పంచాంగం తీశారు. రోజుకు తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. ఏడో నెల నుంచి కింద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి అందిస్తే తప్ప లేవలేను. వాళ్ళన్నది నిజమే అనుకున్నాను. అయినా మనసు ఒప్పుకోక, ఇంకొకరికి చూపించుకుందామని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాను. నా వంతు వచ్చేసరికి ఓపీ మూసేశారు. మెట్ల మీద కూలబడి ఏడుస్తున్నాను.

డ్యూటీ దిగి, భుజాన సంచీతో మెట్లు దిగుతున్న ఆవిడ ఆగారు. "నొప్పులా తల్లీ?" అన్నారు. కాదు, భయం అన్నాను. నిలబడే నా కాగితాలన్నీ తిరగేశారు. సంచీ కింద పెట్టి, టీకాల గది తెరిపించి, చాప పరిచారు. ఆవిడ ఊరికి వెళ్ళే బస్సులు రెండు ఆ మధ్యాహ్నం ఆమె లేకుండానే వెళ్ళిపోయాయని నాకు తరువాత తెలిసింది.

ఆ సంచీలోంచి ప్లాస్టిక్ కటి ఎముక ఒకటి, పాత చీర గుడ్డతో కుట్టిన బొమ్మ ఒకటి తీశారు. బొమ్మకు ఒక కంటి గుండీ ఊడిపోయి ఉంది. దాని గడ్డం ఛాతీకి ఆనించి, ఎముక మధ్యలోంచి మెల్లగా తిప్పుతూ దించి చూపించారు. తల పక్కకు తిరిగి లోపలికి వస్తుంది, కిందికి దిగాక ముఖం నీ వీపు వైపు తిరుగుతుంది, నువ్వు కదిలితే ఈ ఎముకల మధ్య చోటు మారుతుంది, వెల్లకిలా కదలకుండా పడుకుంటే తగ్గుతుంది అని చెప్పారు. ఎనిమిది నెలల్లో నా ఒంటి గురించి నాకు ఒకరు చెప్పిన మొదటి సంగతి అది. అప్పటిదాకా అందరూ స్కానింగు కాగితంతోనే మాట్లాడారు.

ఆ తరువాత ప్రతి మంగళవారం వెళ్ళాను. పొద్దునా సాయంత్రం అరగంట నడక. మోకాళ్ళ మీద, అరచేతుల మీద ఉండి నడుమును పిల్లిలా పైకీ కిందికీ వంచడం. పాదాలు రెండూ కలిపి కూర్చునే బద్ధకోణాసనం. కిటికీ ఊచ పట్టుకుని పీట ఎత్తుకు కూర్చుని లేవడం. మొదటి వారం మూడుసార్లు లేస్తేనే తొడలు వణికాయి, 37వ వారానికి పదిహేనుసార్లు లేవగలిగాను. రాత్రి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోవడం. రక్తంలో హిమోగ్లోబిన్ 9.4 ఉందని చూసి ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దని, నిమ్మరసంతో వేసుకోమని కోప్పడ్డారు. నొప్పులు త్వరగా రావాలని మా ఇంట్లో ఆముదం తాగించబోతే ఫోనులోనే ఆపించారు. విరేచనాలై నీరసించిపోతే బిడ్డను నెట్టే బలం ఎక్కడినుంచి వస్తుందని మా అత్తగారినే అడిగారు.

ఆవిడ దగ్గర నేర్చుకున్నవాటిలో నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది వదలడం. మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించే వ్యాయామం చాలామందికి తెలుసు. నేను బిగిస్తున్నాను గానీ పూర్తిగా వదలడం లేదని ఆవిడ గమనించారు. "బిగించడం ఐదు అంకెలైతే వదలడం పది అంకెలు. దవడ బిగిస్తే కిందా బిగుస్తుంది, ముందు నోరు వదులు చెయ్యి" అన్నారు. ఆఫీసులో దవడ బిగించుకుని కూర్చుంటానని నాకు ఆ రోజు దాకా తెలియదు.

35వ వారం నుంచి పెరీనియం మర్దన చెప్పారు. అంటే యోనికీ మలద్వారానికీ మధ్య ఉన్న చోటు. ఇది రాయవచ్చా అని చాలాసేపు ఆలోచించాను. నాకెవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. గోళ్ళు కత్తిరించుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని, కొబ్బరినూనె రాసుకున్న బొటనవేలిని కొద్దిగా లోపలికి ఉంచి, కిందికీ పక్కలకూ అర్ధచంద్రాకారంగా మెల్లగా ఒత్తాలి. సాగుతున్నట్టు ఉండాలి, నొప్పి పుట్టకూడదు. మూడు నాలుగు నిమిషాలు, వారానికి రెండుసార్లు. తొలి కాన్పువాళ్ళకు కుట్లు పడే అవసరం దీనివల్ల తగ్గుతుందని చెప్పారు. మాయ కిందికి ఉన్నవాళ్ళు, రక్తస్రావం అయినవాళ్ళు, ఉమ్మనీరు పోయినవాళ్ళు, ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ళు చేయకూడదని, ఎవరైనా డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలని గట్టిగా చెప్పారు. నా చేతా డాక్టరును అడిగించారు.

39వ వారంలో రాత్రి ఒంటిగంటకు నొప్పులు మొదలయ్యాయి. ఆరింటికి ఆసుపత్రికి చేరేసరికి గర్భాశయ ద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకుంది. ఎనిమిదింటికి డ్యూటీకి వచ్చిన సిస్టర్ నన్ను చూసి నవ్వి, "పద, నడుద్దాం" అన్నారు. వరండాలో నడిపించారు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి వేలాడేదాన్ని. నా బరువంతా మోస్తూనే రెండు అరచేతులతో నడుము కింద అదిమేవారు. ఆ అరచేతుల ఒత్తిడి ఇప్పటికీ నడుముకు తెలుస్తోంది. రెండింటికి డ్యూటీ అయిపోయింది. ఆవిడ గడియారం వైపు చూడటం నేను చూశాను. చూసి, గడియారం చేతి నుంచి తీసి జేబులో వేసుకున్నారు.

చివర్లో ఎడమవైపు తిరిగి పడుకున్నాను. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ పెరీనియం మీద అదిమి పట్టుకున్నారు. తల కనబడగానే, "ఇప్పుడు నెట్టకు తల్లీ, వేడి పాలు ఊదినట్టు ఊదు" అన్నారు. ఊదాను. 3.10కి పాప పుట్టింది, 2.9 కిలోలు. కోత పెట్టలేదు. చిన్న చిరుగుకు రెండు కుట్లు పడ్డాయి, అంతే.

అంతా అయ్యాక ఆవిడ గోరువెచ్చని నీళ్ళు తెచ్చి నా పాదాలకు అంటిన రక్తాన్ని తుడిచారు. వేళ్ళ సందులతో సహా. ఆయాను పిలవవచ్చు, పిలవలేదు. పద్నాలుగు గంటల నొప్పుల్లో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నాలుగున్నరకు మూలనున్న స్టూలు మీద కూర్చుని అన్నం డబ్బా తెరిచారు. పొద్దున కట్టుకున్న పులిహోర గడ్డకట్టి ఉంది. చెంచాతో విడదీసుకుని తిన్నారు. ఆ దృశ్యం నన్ను వదలడం లేదు.

ఆవిడ నర్సుగా చేరి, తరువాత 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ తీసుకున్నారట. మన తెలంగాణలో ఆ శిక్షణ 2017లో కరీంనగర్‌లో మొదలైంది. అంత పెద్ద ఆసుపత్రికి ఇలాంటివారు ఇద్దరే ఉన్నారు. ఆ మెట్ల మీద నేను ఐదు నిమిషాలు ఆలస్యంగా కూర్చుని ఉంటే? ఒక ఆడదాని కాన్పు ఇలాంటి అదృష్టం మీద ఆధారపడాలా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే అని తేలింది. ప్రైవేటులో 81.5. దేశం మొత్తానికి 21.5. మన ఆడవాళ్ళ ఒళ్ళు మాత్రమే ఇంత బలహీనమైనవా? ఆపరేషన్ మీద నాకు కోపం లేదు, మా తోటికోడలి ప్రాణం నిలిచింది దానివల్లే. ఒక్కసారైనా చెయ్యి వేసి చూడకుండా నా ఒళ్ళు పనికిరాదని చెప్పి ముహూర్తం అడిగినందుకు కోపం. కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషి ఉండవచ్చని ప్రభుత్వ నిబంధనలే చెబుతున్నా, మా అమ్మను గంటన్నర బయట నిలబెట్టినందుకు కోపం. పాపను బయటికి తెచ్చి చూపించడానికి 500 రూపాయలు అడిగినందుకు కోపం. సిస్టర్ ఆ మాట విని వచ్చి గట్టిగా అడ్డుపడ్డారు. అప్పటికే మావాళ్ళు ఇచ్చేశారు.

మా ఆయన, అమ్మ, అత్తగారు, మామగారు, తమ్ముడు అందరూ ఉన్నారు, అన్నీ చూసుకున్నారు, చూసుకుంటున్నారు. వాళ్ళకు వేరే చెప్పాలా.

సిస్టర్, మీరు ఇది చదువుతారో లేదో తెలియదు. పదకొండో రోజు దాటాక పాపను తీసుకుని వస్తాను. ఈసారి మీకు వేడి అన్నం నేను తెస్తాను. ఆ బొమ్మకు గుండీ కూడా తెస్తాను, నల్లది, సరిపోయే సైజు చూసి పెట్టాను.

అయ్యో, ఇంకా చాలామంది ఉన్నారు. పక్కకు తిరిగి కనడానికి ఒప్పుకుని, తొందరపెట్టకుండా నిలబడిన డ్యూటీ డాక్టరమ్మకు. ప్రతి నెలా ఇంటికి వచ్చి మాత్రలు లెక్కపెట్టి చూసిన మా ఆశా కార్యకర్తకు. చీకటితోనే ఆటో తీసి, గతుకుల దగ్గర ఆపి ఆపి నడిపి, మీటరు డబ్బులే తీసుకున్న అన్నకు. చీటీ రాసే దగ్గర నన్ను వరుసలో ముందుకు పంపిన ఇద్దరు గర్భిణులకు, మీకూ సుఖప్రసవం కావాలి. రక్తపరీక్ష ఫలితం పరుగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చిన అబ్బాయికి.

మరిచేపోయాను. పక్క మంచం మీది పెద్దమ్మ, మనవడు పుట్టాడని వచ్చినావిడ, రాత్రంతా నాకు వేడినీళ్ళు పోసి ఇచ్చారు. నీలం మూత స్టీలు ఫ్లాస్కు, అడుగున ఎర్ర దారం కట్టి ఉంది. సామాన్లతో పాటు అది మా ఇంటికి వచ్చేసింది. మీవాళ్ళెవరైనా ఇది చూస్తే కబురు చేయండి, తెచ్చి ఇస్తాం.