సోంపు వాసన

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో తాగుడు మానాలనుకునేవాళ్లకు సలహాలు వేశారు. పాత స్నేహితులకు దూరంగా ఉండాలి, వైన్ షాపు ఉన్న వీధిలో నడవకూడదు, జేబులో డబ్బులు పెట్టుకోకూడదు. మంచి మాటలే. 2018లో మానేసినప్పుడు నేనూ ఈ మూడూ చేశాను. కానీ ముక్కును ఏం చేసుకోవాలో ఎవరూ రాయరు. కళ్లు మూసుకోవచ్చు. ముక్కు మూసుకుని ఎంతసేపుంటాం?

మాది అనంతపురం. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మా నాయన నూనె మిల్లులో హమాలీ. శనివారం కూలి డబ్బులిచ్చేవాళ్లు. ఆ రాత్రి గోనె సంచుల దుమ్ము, శెనక్కాయ చెక్క, బీడీ, వాటన్నిటి మీద సారాయి వాసనతో ఇంటికొచ్చేవాడు. చేతిలో కాగితం పొట్లం, అందులో బొరుగులు, మిరపకాయ బజ్జీలు. ఆరు రోజులు మాతో పలకని మనిషి ఆ ఒక్క రాత్రి నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ వారం ఎన్ని మూటలు మోశాడో లెక్క చెప్పేవాడు. సారాయి కంపు అని జనం మొహం తిప్పుకుంటారు. నాకు మాత్రం అది మా నాయన ఒడి. అదే వాసన మా అమ్మకు ఎట్లా ఉండేదో చాలా ఏళ్లకు గానీ నేను అడగలేదు. అడిగితే, "తెచ్చేదాంట్లో సగం అంగట్లోనే పోయేది రా" అని ఊరుకుంది.

1993 అక్టోబరులో సారా ఆపేశారు, 1995లో మొత్తం మద్యనిషేధం పెట్టారు. అప్పుడు నాది బళ్లారి సర్వీసు. ఇక్కడ బందు, కర్ణాటకలో అంగళ్లు బార్లా తెరిచి ఉండేవి. తిరుగు ట్రిప్పులో కొందరు కడుపులో పోసుకుని ఎక్కేవాళ్లు, కొందరు సంచిలో బట్టల కింద దాచుకుని ఎక్కేవాళ్లు. ఉరవకొండ వచ్చేదాకా బస్సంతా ఒకటే వాసన. టికెట్లు కొట్టుకుంటూ ఆ వాసన మధ్య నడుస్తుంటే నాకు చిరాకు రాలేదు, శనివారం రాత్రి గుర్తొచ్చేది. 1997లో నిషేధం ఎత్తేసేసరికి నేను డ్యూటీ దిగగానే రోజూ తాగేవాణ్ణి. నిషేధంలో తాగుడు నేర్చుకున్నవాణ్ణి నేనే అయ్యుంటాను.

ఇంటికొచ్చే ముందు గుప్పెడు సోంపు నమిలేవాణ్ణి. వాసన రాదని నా ధీమా. మొన్న మాఘమాసంలో బంధువుల పెళ్లికి పోయాం. భోజనాలయ్యాక ఎవరో సోంపు గిన్నె ముందుకు జరిపితే మా అమ్మాయి లేచి బయటికి వెళ్లిపోయింది. నర్సింగు చదివి ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి. ఏమైందమ్మా అంటే, "సోంపు వాసనొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది నాన్నా. నీకంటే ముందు అదే వచ్చేది ఇంట్లోకి. రాగానే పుస్తకం మూసేసి నిద్రపోయినట్టు పడుకునేదాన్ని" అంది. ఆ పిల్ల నిజంగానే నిద్రపోతోందనుకుని ఎన్ని రాత్రులు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచానో.

ఎందుకిట్లా అని నేనడిగితే ఆమే విడమరిచి చెప్పింది. కళ్లు చూసింది, చెవులు విన్నది ముందు మెదడులో థాలమస్ అనే చోటికి చేరి అక్కణ్ణుంచి వేరే భాగాలకు పోతాయట. వాసన అక్కడ ఆగదట. భయాలూ ఇష్టాలూ పుట్టే అమిగ్డలాకు, జ్ఞాపకాలు దాచే హిప్పోక్యాంపస్‌కు దగ్గరి దారిలో పోతుందట. నా లెక్కలో చెప్పాలంటే, మిగతా బస్సులన్నీ బస్టాండులోకి వచ్చి కంట్రోలరు దగ్గర ఎంట్రీ వేయించుకుని పోతాయి. వాసన బస్సు బైపాసులో వచ్చి నేరుగా ఇంటి ముందు ఆగుతుంది. అదేం వాసనో తెలుసుకునేలోపే దాంట్లోంచి నాయనో, భయమో, దాహమో దిగిపోయి ఉంటుంది. ముక్కు వాసనలను ఎట్లా పసిగడుతుందో కనిపెట్టినందుకు రిచర్డ్ యాక్సెల్, లిండా బక్ అనే ఇద్దరికి 2004లో నోబెల్ ఇచ్చారని కూడా చెప్పింది. ఇవ్వాల్సిందే.

మానేసిన రెండేళ్లకు కరోనా వచ్చింది. 2020 మే నెలలో బస్సులు మళ్లీ కదిలాయి. నోటు ముట్టుకుంటే శానిటైజరు, మిషను ముట్టుకుంటే శానిటైజరు. అందులో సగానికి పైగా ఆల్కహాలే. పొద్దున్నుంచి రాత్రిదాకా నా చేతుల్లోంచే ఆ వాసన. మూడో రోజుకు నిద్ర లేదు, కలలో బళ్లారి బస్సు. నా భార్య నా చేయి లాక్కుని వాసన చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి పోయింది. అది తిట్టినదానికంటే ఎక్కువైంది. మర్నాటి నుంచి సబ్బు ముక్క, నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని డ్యూటీ చేశాను. ఆ జులై ఆఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి జనం చచ్చిపోయారని పేపర్లో పడినప్పుడు మా డ్రైవరు "ఏం పిచ్చోళ్లు బ్బా" అన్నాడు. నేను నోరు మెదపలేదు.

నేను మానడానికి చేరిన చోట ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావు, రోజుకెంత, లివరు ఎట్లుంది అని అడిగారు. ఏ వాసన వస్తే తాగాలనిపిస్తుంది అని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే సాయంత్రం బజ్జీల బండి గురించి చెప్పేవాణ్ణి. తొలి వాన పడ్డప్పుడు దుమ్ములోంచి లేచే వాసన గురించి కూడా. మొదటి ఏడాది ఆ రెండూ కలిసి వస్తే నా కాళ్లు వాటంతటవే తిరిగేవి. ఓ పావుగంట ఎట్లాగో గడిపితే తగ్గుతుందని నాకు నేనే కనుక్కోవాల్సి వచ్చింది. డాక్టర్లు ఈ ప్రశ్న కూడా అడగాలనీ, మీ ఆరోగ్యం పేజీలో దీని గురించి రాయించాలనీ నా కోరిక. ఇంకొకటి, రోజూ గట్టిగా తాగేవాళ్లు ఇది చదివి రేపట్నుంచి ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేయొద్దు. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టరును కలవండి. తాగుడు, మత్తు మానాలనుకునేవాళ్ల కోసం సర్కారు పెట్టిన 14446 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు, దానికి డబ్బులు పడవు.

మహాలయ అమావాస్యకు మేం పెద్దలకు పెట్టుకుంటాం. నాయన ఫొటో ముందు కొత్త పంచె, కూర, బీడీ కట్ట, ఒక క్వార్టరు సీసా. మూత తీసి పెట్టడం మా అన్న వంతు. సాంబ్రాణి పొగలో ఆ వాసన కలిసిందంటే నేను అరవై దాటిన మనిషినన్న సంగతి మర్చిపోతాను. ఈసారి బొరుగులు, బజ్జీలు పెడదాం, సీసా పెట్టినా మూత తీయొద్దు అని అన్నను అడిగాను. "మూత తీయకుంటే నాయన ఎట్ల తాగుతాడు రా" అన్నాడు. ఇంకా తేలలేదు.

నా పేరు వేయొద్దని మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు, అనంతపురం