తీసేస్తే ఎందుకు తీశారో చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

నాలుగేళ్ల నుంచి మా ఊరి వాట్సాప్ గ్రూప్‌కి నేను అడ్మిన్‌ని. ఊళ్లో ఉన్నోళ్లు, హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్‌లో ఉన్నోళ్లు అంతా కలిపి ఆరొందల మంది దాకా ఉంటాం. కరెంటు పోయినా నల్లా రాకపోయినా ఎవరైనా కాలం చేసినా ముందు అందులోనే తెలుస్తుంది.

మొన్న ఒకాయన జాతర చందాల లెక్క అడుగుతూ మెసేజ్ పెట్టాడు. తిట్టలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు, ఎంత వచ్చింది ఎంత ఖర్చయింది చెప్పండి అన్నాడు, అంతే. కమిటీలో ఒకాయన ఫోన్ చేసి గొడవలైతయ్ తీసెయ్ అంటే తీసేశాను. పొద్దున్నే ఆయన నా షాపుకొచ్చి "నేనడిగిన దాంట్లో తప్పేముంది తమ్ముడూ" అంటే నా దగ్గర జవాబు లేదు. అదే రాత్రి పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఒక ఆడియో వచ్చింది, రెండు బాణాల గుర్తు కూడా ఉంది, అంటే ఎన్నో చేతులు మారి వచ్చిందని, అయినా జాగ్రత్త కోసమే కదా అని ఉంచేశాను. తెల్లారి బస్టాండ్ దగ్గర దుప్పట్లు అమ్ముకునే ఇద్దర్ని ఆపి సంచులు వెతికారు, పెద్దమనుషులు టైముకి రాబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టట్లేదు.

ఇది కొత్త కాదు కదండీ. 2018 మే నెలలో ఇలాంటి పుకార్లకే మన తెలంగాణలో మనుషుల్ని కొట్టి చంపారు. అప్పుడు గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊరూరా తిప్పి, పాటలు కట్టించి మరీ జనానికి చెప్పించారు. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ కాకుండా చేసింది.

సభ్యులు పెట్టే పోస్టులకి అడ్మిన్ బాధ్యుడు కాదని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. మంచిదే. కానీ అప్పట్లో అడ్మిన్ చేతిలో ఉన్నది ముఖ్యంగా మనుషుల్ని చేర్చుకోవడం తీసెయ్యడమే, 2022లోనే తర్వాత ఎవరి మెసేజ్ అయినా అందరికీ కనపడకుండా తీసే వీలు కూడా వచ్చింది. కోర్టు శిక్ష వెయ్యదని ఇష్టమొచ్చినట్టు తీసేస్తే ఎట్లా?

నాకు తోచింది ఇది. మెసేజ్ తీసేస్తే ఎందుకు తీశామో ఒక్క లైన్ గ్రూప్‌లోనే రాయాలి, పెట్టినాయనకి ఫోన్ చేసి కూడా చెప్పాలి. లెక్కలు అడిగితే అస్సలు తియ్యకూడదు. పిల్లలు, రోగాలు, మతాల మీద వచ్చే ఫార్వర్డ్ మాత్రం ముందు తీసేసి తర్వాత కనుక్కోవాలి, ఎందుకంటే పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసి నిజమా కాదా అడిగేలోపే అది పక్కూరికి పోతుంది. ఇంకోటి, అడ్మిన్లలో ఆడవాళ్లు ఉండి తీరాలి. మా గ్రూప్‌లో ఆడవాళ్లు నోరు విప్పరు, ఏదన్నా రాస్తే చాలు ఆ నంబర్ పట్టుకుని విడిగా మెసేజ్‌లు పెట్టేవాళ్లున్నారు, ఆ సంగతి నాకు చెప్పడానికి వాళ్లకి మొహమాటం.

వచ్చే ఆదివారం గుడి దగ్గర కూర్చుని ఇంకో ముగ్గురు అడ్మిన్లని ఎన్నుకుంటున్నాం, అందులో ఇద్దరు ఆడవాళ్లు. నేను తీసేసిన ఆ లెక్కల మెసేజ్‌ని ఆయన్నే మళ్లీ పెట్టమన్నాను, పెట్టాడు. కమిటీ ఇంకా జవాబివ్వలేదు. వేరే ఊళ్లలో గ్రూపులు ఎలా నడుపుతున్నారో అక్కడి అడ్మిన్లు మీ పేపర్‌కి రాస్తే మాకు పనికొస్తుంది.

– ఒక ఊరి గ్రూప్ అడ్మిన్, సూర్యాపేట జిల్లా